రాజోలు ల్యాబులో యాభై ఎనిమిది కుర్చీలు

ఆశీర్వాదానికి డిగ్రీ లేదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే కాలేజీలో ఎవరికి అతని మీద చిరాకు పుట్టినా మొదట ఎత్తేది ఆ ముక్కే. పాలకొల్లు దాటాక కాలవ పక్కనున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో, అరవై నాలుగు కంప్యూటర్ల ల్యాబుకి చాలా ఏళ్ళుగా అతనే సిస్టమ్ ఆపరేటరు. ఒక్క కంప్యూటరు మొరాయించిందంటే చాలు, డాక్టరేట్లు చేసిన లెక్చరర్లు సైతం "ఆశీర్వాదాన్ని పిలవండ్రా" అని కేకలు పెడతారు. ప్రమోషన్ల మాట వచ్చేసరికి మాత్రం "ఆయనకి క్వాలిఫికేషన్ లేదు కదండీ" అని పెదవి విరుస్తారు. ఏం మనుషులో, వాళ్ళకే తెలియాలి.

కాలేజీ కట్టకముందు అది వరిచేను. అతని తల్లి దీనమ్మ ఊడ్పులకీ కోతలకీ ఆ చేలోకే వెళ్ళేది. కొడుకు ఇంటరుతో చదువు ఆపేసి, పాలకొల్లులో టైపు నేర్చుకుని, అదే నేల మీద లేచిన బిల్డింగులో ఇరవై రెండేళ్ళ కిందట అటెండరుగా చేరాడు. పొద్దున్నే ల్యాబు తుడవడం, సాయంత్రం తాళం వేయడం, అదీ ఉద్యోగం. తుడిచేవాడు తుడిచి ఊరుకోలేదు. రిపేరుకి వచ్చే మెకానిక్కు భుజం మీంచి తొంగిచూసి తొంగిచూసి, రెండేళ్ళలో ఆ మెకానిక్కు అవసరమే లేకుండా చేశాడు. అప్పుడు అతన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెకానిక్కు తర్వాత ఏమయ్యాడో ఎవరూ అడగలేదు, ఆశీర్వాదం కూడా అడగలేదు.

అతని పని తీరు ఒకటే. ఏ మార్పు చేయాలన్నా మొదటి కుర్చీలో కూర్చుంటాడు, చేత్తో సరిచేస్తాడు, లేచి రెండో కుర్చీలోకి వెళతాడు. అరవై నాలుగు సార్లు కూర్చోవడం, అరవై నాలుగు సార్లు లేవడం. ఇరవై ఏళ్ళు అలా కూర్చుని లేచేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు యాభై ఒకటో ఏడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు, చర్చిలో ప్రార్థనకి మోకరించమంటే కళ్ళు మూసుకుని నిలబడిపోతాడు.

ఆ నొప్పే నిరుడు అతనికి కొత్త చదువు చెప్పింది. విండోస్ తన అలవాట్లన్నీ రాసిపెట్టుకునే చోటు ఒకటుంది, దాన్ని రిజిస్ట్రీ అంటారు. తెర ఎంతసేపటికి ఆరాలి, పెన్‌డ్రైవు పెడితే తీసుకోవాలా వద్దా, ఇంటర్నెట్‌కి ఏ దారిన వెళ్ళాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కో కంప్యూటరు దగ్గరికీ వెళ్ళి దాన్ని మార్చక్కర్లేదు. చేయవలసిన మార్పులన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి, ఉన్నచోటునే నడిపితే, నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ వెళ్ళి అదే రాసి వస్తుంది. ఆ ఫైలుని స్క్రిప్టు అంటారు. ఫోన్లో వీడియోలు చూసి, తప్పుల మీద తప్పులు చేసి, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాడు. భార్య హెలెన్ "ఈ వయసులో మీకిదేం చదువండీ, కళ్ళు కూడా పోగొట్టుకుంటారా ఏంటి" అని సణిగేది. అతను నవ్వి ఊరుకునేవాడు. మోకాళ్ళని కాపాడుకుంటున్నాననుకున్నాడు పాపం.

ఆ గురువారం కరస్పాండెంటు చంద్రరావు గారు పిలిపించారు. ఆయనకి ఈ కాలేజీతోపాటు గోదావరి అవతల రాజోల్లో ఇంకో కాలేజీ, మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. ఆయన మనసు ఎప్పుడూ చెరువుల మీదే ఉంటుందని కాలేజీ అంతా చెప్పుకుంటారు.

"ఏవయ్యా ఆశీర్వాదం, ఇటు చూడు," అని ఫోను ముందుకి జరిపారు. "మొగల్తూరు చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఇక్కడ కూర్చుని ఆన్ చేస్తున్నాను. ఒక్క వేలు. గట్టు మీద మనిషితో పనే లేదు. మరి కంప్యూటర్లకి ఒక్కోదాని దగ్గరికీ మనిషి వెళ్ళడం ఏంటయ్యా? చోద్యం కాకపోతే!"

విషయం ఏంటంటే, ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే సంస్థ ఒకటి రెండు కాలేజీల ల్యాబులూ తీసుకుంటానంది. సోమవారం పది గంటలకి తనిఖీ. పరీక్ష మధ్యలో తెర ఆరిపోకూడదు, పెన్‌డ్రైవు పనిచేయకూడదు, ఇంటర్నెట్ వాళ్ళ సర్వరు వైపు తప్ప ఇంకెటూ పోకూడదు. ఈ మూడూ ప్రతి కంప్యూటర్లోనూ ఉండాలి.

"పాలకొల్లు నీకు కొట్టినపిండి, అది నాకు తెలుసు," అన్నారు చంద్రరావు గారు. "రెండు కాలేజీలకీ ఒకటే నెట్‌వర్కు కదా, రాజోలు ల్యాబు ఇక్కడి నుంచి చేసి చూపించు. చూపించావంటే రెండిటికీ నువ్వొక్కడివి చాలు, నిన్ను ఉంచుతాను. లేదంటావా, మొత్తం వైజాగ్ కంపెనీకి అప్పజెప్పేస్తాను. అప్పుడు ఇద్దరూ ఇంటికే. ఏమంటావు?"

"చేస్తానండి," అన్నాడు ఆశీర్వాదం.

ఒక్క క్షణం తటపటాయించాడా అంటే, లేదు. యాభై ఒకటో ఏట, డిగ్రీ లేకుండా, అరిగిన మోకాళ్ళతో బయటికి వెళితే ఎవరు ఉద్యోగమిస్తారు? ఈ లెక్కే మెదిలింది. చేస్తానన్న మాట నోట్లోంచి వచ్చేశాక, మెట్ల దగ్గర గోడ పట్టుకున్నప్పుడు గుర్తుకొచ్చింది, ఆ ఇద్దరిలో రెండో మనిషి ప్రిస్కిల్లా అని.

ప్రిస్కిల్లా రాజోలు ల్యాబు ఆపరేటరు. ఆమె భర్త ఫిన్నీ ఆశీర్వాదానికి స్నేహితుడు, చర్చి పాటలకి డోలక్ వాయించేవాడు. చించినాడ వంతెన మీద లారీ గుద్ది పోయాడు, తొమ్మిదేళ్ళయింది. అప్పుడు రాజోల్లో కొత్త ల్యాబు పెడుతుంటే ఆశీర్వాదమే చంద్రరావు గారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఆమెకి ఆ ఉద్యోగం ఇప్పించాడు. ఆర్నెల్లపాటు ప్రతి శనివారం వంతెన దాటి వెళ్ళి పని నేర్పాడు. ఆమె అతన్ని సొంత అన్న కంటే ఎక్కువగా చూస్తుంది. ఆమెకి ఈ సంగతి చెప్పాలి. శుక్రవారం చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. శనివారం, స్క్రిప్టు జోలికి పోవడానికి మనసు రాక, తన ల్యాబులోని అరవై నాలుగూ కుర్చీ కుర్చీకీ లేస్తూ కూర్చుంటూ చేత్తోనే ముగించాడు. అది అయ్యాక చెబుదామనుకున్నాడు. మళ్ళీ చెప్పలేదు.

ఆదివారం నెలలో మొదటి ఆదివారం. చర్చిలో సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఎవరికైనా అన్యాయం తలపెట్టుకుని, వాళ్ళతో సమాధానపడకుండా ఆ బల్ల దగ్గరికి వెళ్ళకూడదని చిన్నప్పటి నుంచి విన్నవాడు అతను. "ఈ ఒక్క ఆదివారం పని మానుకోకూడదటండీ?" అని హెలెన్ అడిగితే "తప్పదు" అని చెప్పి ల్యాబుకి వచ్చేశాడు. పని ఉండబట్టి బతికిపోయాననుకున్నాడు. సిగ్గుపడాల్సిన మాటే, కాని నిజం.

తొమ్మిదింటికి స్క్రిప్టు నడిపాడు. తెర మీద యాభై ఎనిమిది ఎర్రటి వరసలు దిగాయి. రాజోలు కంప్యూటరు ఒక్కటీ పలకలేదు. ప్రిస్కిల్లాకి ఫోను కొట్టాడు.

"మెయిన్ ఆపుంటుంది అన్నయ్యా. మనుషులు లేనప్పుడు కరెంటు ఉండకూడదని కరస్పాండెంటు గారి ఆర్డరు కదా, శనివారం సాయంత్రం కాపలా ఉండే పెద్దింట్లమ్మ ఆపేసి పోతుంది. నేను చర్చికి బయల్దేరాను, ఆరాధన అయ్యాక వెళ్ళనా?"

"అర్జెంటమ్మా."

"సరే అన్నయ్యా, వెళ్తాను," అంది. ఎందుకని అడగలేదు. ఆమెకి కూడా సంస్కారం తప్పించేశాననుకున్నాడు.

పదింటికి అన్నీ వెలిగాయి. మళ్ళీ నడిపాడు, మళ్ళీ ఎర్రటి వరసలే. బయటివాళ్ళు వచ్చి రిజిస్ట్రీ ముట్టుకోవాలంటే లోపల ఒక సర్వీసు మేలుకుని ఉండాలి. రాజోల్లో అది యాభై ఎనిమిదిట్లోనూ పడుకుని ఉంది. దాన్ని లేపాలంటే మనిషి ఆ కంప్యూటరు ముందు కూర్చోవాలి. చిత్రం చూశారా! మనిషి అక్కర్లేని పని మొదలుపెట్టడానికి మొదట మనిషే కావాలి. ప్రిస్కిల్లా ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అతను చెప్పినట్టల్లా చేస్తూ, యాభై ఎనిమిది కుర్చీల్లో కూర్చుని లేచింది. గంటన్నర పట్టింది.

ఈసారి నడిపితే యాభై ఎనిమిదీ పచ్చగా వచ్చాయి. ఆశీర్వాదానికి ఏనుగెక్కినంత సంబరమైంది.

"అయిపోయిందమ్మా! పెన్‌డ్రైవు పెట్టి చూడు."

"తీసుకోవట్లేదు అన్నయ్యా. భలే చేశావు!" అంది. అయిదు నిమిషాలాగి మెల్లిగా, "తెర ఆరిపోతోంది అన్నయ్యా. ఇంటర్నెట్ కూడా పాత దారినే పోతోంది," అంది.

మళ్ళీ నడిపాడు, పచ్చ. ఆమె చూసింది, తెర ఆరిపోయింది. ఇంకోసారి పచ్చ, ఇంకోసారి చీకటి. ఎర్రగా వస్తే ఏదో తప్పుందని వెతుక్కోవచ్చు, అన్నీ బాగున్నాయని చెప్పి ఏమీ చేయనిదాన్ని ఏం చేయాలి? ఏడు సార్లు నడిపాడు. తల ప్రాణం తోకకొచ్చింది. మూడిట్లో పెన్‌డ్రైవు ఒక్కటే ఎందుకు మాట విన్నట్టు, మిగతా రెండూ ఎందుకు విననట్టు అని కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు తట్టింది. పెన్‌డ్రైవు సంగతి కంప్యూటరు మొత్తానికి ఒకటే. తెర, ఇంటర్నెట్ అలా కాదు, లోపలికి వచ్చిన ప్రతి మనిషి పేరునా వేరే వేరే ఉంటాయి. స్క్రిప్టు రాజోలు వెళ్ళింది ఆశీర్వాదం పేరుతో. అందుకని యాభై ఎనిమిది కంప్యూటర్లలోనూ బుద్ధిగా ఆశీర్వాదం పేరున రాసి వచ్చింది. పరీక్ష రాసే పిల్లలు వచ్చేది "స్టూడెంట్" అనే పేరుతో. పొద్దుటి నుంచి చేసిందంతా తనకోసమే చేసుకున్నాడన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

స్క్రిప్టు తిరగరాశాడు. అది స్టూడెంట్ పేరున రాయాలంటే ఆ పేరుతో ఎవరో లోపలికి వెళ్ళి ఉండాలి. ప్రిస్కిల్లా రెండోసారి యాభై ఎనిమిది కుర్చీలూ తిరిగింది. "నాకు నడుం పట్టేసింది, నీకు పుణ్యముంటుంది అన్నయ్యా, ఇంకేమీ మర్చిపోలేదు కదా?" అని నవ్వింది. ఒంటిగంటన్నరకి పచ్చ వచ్చింది, తెర ఆరలేదు, ఇంటర్నెట్ దారి మారింది. "స్తోత్రం" అంది ప్రిస్కిల్లా. ఇంటికెళ్ళి రెండు ముద్దలు తిని వస్తానంది.

ఆమె గేటు దాటడం పెద్దింట్లమ్మ చూసింది. ల్యాబులో మనిషి లేదు. మనిషి లేనప్పుడు కరెంటు ఉండకూడదు. వెళ్ళి మెయిన్ కట్టేసింది. ఆవిడని అనడానికి ఏముంది, తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనే చేసింది.

మూడింటికి ప్రిస్కిల్లా వచ్చి మెయిన్ వేసి ఫోను చేసింది. గొంతులో నీరసం. "అన్నయ్యా, పెన్‌డ్రైవు తీసుకుంటోంది. తెర ఆరిపోతోంది. అన్నీ పొద్దున్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి."

ఆశీర్వాదానికి అయిదారు నిమిషాలకి గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక తల కొట్టుకున్నాడు. పిల్లలు ఆటలు ఎక్కించేస్తున్నారని, రెండేళ్ళ కిందట ప్రిస్కిల్లాయే రాజోలు కంప్యూటర్లన్నిటికీ ఫ్రీజ్ పెట్టింది. అంటే ఎవరేం మార్చినా, కంప్యూటరు ఆగి మళ్ళీ లేచేసరికి అంతా చెరిగిపోయి పాతదే వస్తుంది. ఆమె తెలివికి అప్పట్లో మురిసిపోయి పదిమందికి చెప్పుకున్నది తనే. ఈ రోజు అది గుర్తే రాలేదు. ఫ్రీజ్ తీయాలంటే దానికో పాస్‌వర్డు ఉంది. అది లోకంలో ఒక్క ప్రిస్కిల్లాకే తెలుసు.

"ఫ్రీజ్ తీసెయ్యాలమ్మా," అన్నాడు. "మళ్ళీ ఇక్కడి నుంచి తీసి పెట్టుకోవాలంటే ఆ పాస్‌వర్డు నా దగ్గరుండాలి."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"రాసుకో అన్నయ్యా," అంది చివరికి. ఒక్కో అక్షరం, ఒక్కో అంకె నిదానంగా చెప్పింది. అతను రాసుకున్నాడు. తిరిగి చదివి వినిపించాడు. సరిగ్గానే ఉందంది.

"చెల్లెమ్మా, నీకో సంగతి చెప్పాలి..."

"నాకు తెలుసన్నయ్యా."

ఆశీర్వాదం పాస్‌వర్డు రాసుకున్న పెన్ను పక్కన పెట్టేశాడు.

"బుధవారం కరస్పాండెంటు గారు ముందు నాకే ఫోను చేశారు. రాజోల్లో కూర్చుని పాలకొల్లు చూడగలవా, చూడగలిగితే నిన్ను ఉంచుతాను అన్నారు. నాకు రాదండి, అన్నయ్యకైతే వచ్చు, ఆయన్ని అడగండి అన్నాను."

"నీకు వచ్చు కదమ్మా! స్క్రిప్టులు నేర్చుకున్నప్పుడల్లా నీకూ చెప్పాను కదా!"

"వస్తే మాత్రం? నేను బట్టల కొట్టులోనైనా పొద్దస్తమానం నిలబడగలను. నువ్వు నిలబడలేవు కదన్నయ్యా." ఆ మాట ఎంత మామూలుగా అందంటే, కూర చల్లారిపోతోంది తినెయ్ అన్నట్టు అంది. "సరేలే, ఫ్రీజ్ తీసి, పొద్దుటి నుంచి చేసినవన్నీ మళ్ళీ చేస్తూ ఒకటో నంబరు నుంచి వస్తాను. నువ్వు వెనకాలే నడుపు."

ఆమెకి బుధవారమే తెలుసు. తెలిసే చర్చి మానుకుని వచ్చింది. తెలిసే రెండుసార్లు అన్ని కుర్చీలూ తిరిగింది, నవ్వింది, భలే చేశావంది. ఇప్పుడు మూడోసారి తిరుగుతోంది. ఆమెని అడిగితే కాదంది, తనని అడిగితే ఆలోచించకుండా ఔనన్నాడు. ఆశీర్వాదం కళ్ళు తుడుచుకుంటూ స్క్రిప్టు నడిపాడు. ఆపలేదు. ఆపి ఉండాల్సింది, ఆపలేదు. సాయంత్రం ఆరింటికి యాభై ఎనిమిదీ ఆగి లేచినా చెక్కుచెదరకుండా నిలిచాయి.

సోమవారం తనిఖీకి వచ్చినవాళ్ళు ఏ కంప్యూటరు ముట్టుకున్నా వంక దొరకలేదు. చంద్రరావు గారు ఆశీర్వాదం వెనకే నిలబడి, ఇక్కడ మీట నొక్కితే రాజోల్లో మారడం వీడియో కాల్లో కళ్ళారా చూశారు. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. "ఇంకోసారి, ఇంకోసారి" అని మూడుసార్లు చేయించుకున్నారు.

మధ్యాహ్నం గదికి పిలిచారు.

"కూర్చోండి ఆశీర్వాదం గారూ," అన్నారు.

ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఆ గారు రావడం అదే మొదలు. ఆశీర్వాదం కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అద్భుతంగా చేశారండి. వైజాగ్ కంపెనీ వాళ్ళకి ఫోన్లో చూపించాను. పాలకొల్లు నుంచి రాజోలు చేయగలిగితే, మేము వైజాగ్ నుంచి రెండూ చేస్తాం అన్నారు. నిజమే కదండీ, ఆలోచిస్తే. మీ స్క్రిప్టు, పాస్‌వర్డులు అన్నీ వాళ్ళకి మెయిల్ చేసేయండి. మీరు రాసిందే వాడతారట, ఒక్క ముక్క మార్చక్కర్లేదన్నారు. మీరు సంతోషించాలి."

"మరి నన్ను ఉంచుతానన్నారండి," అన్నాడు ఆశీర్వాదం.

"నెలాఖరు దాకా ఉండండి, తొందరేం లేదు," అని చంద్రరావు గారు ఫోను చేతిలోకి తీసుకున్నారు. చెరువులో ఏదో ఏరియేటరు ఆగిపోయిందట.

ల్యాబులోకి వచ్చి కూర్చున్నాడు. మెయిలు తెరిచాడు, ఫైలు జతచేశాడు, పంపకుండా చూస్తూ ఉండిపోయాడు. పంపకపోతే మాత్రం ఏం ఒరుగుతుంది, వాళ్ళు ఇంకోటి రాసుకుంటారు. అప్పుడే ప్రిస్కిల్లా ఫోను.

"అన్నయ్యా, ఇందాకే ఆఫీసు నుంచి చెప్పారు నాకు, నెలాఖరుతో సరి అని. నాదేం లేదులే, అనుకున్నదే. నీది చెప్పు. నిలబడిందా?"

ఆశీర్వాదం కిటికీలోంచి బయటికి చూశాడు. నిజం చెబితే ఏమవుతుంది? ఆ యాభై ఎనిమిది కుర్చీలూ మూడుసార్లు ఆమె ఎందుకు తిరిగినట్టు?

"నిలబడిందమ్మా," అన్నాడు.

"పోన్లే అన్నయ్యా," అంది ప్రిస్కిల్లా, హాయిగా ఊపిరి వదిలి. "ఒక్కళ్ళదైనా మిగిలింది."